బయటి సంబంధం

మందు డబ్బాను గాలయ్య ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. నేల మీద పెడితే ఎండ పొడ తగులుతుంది, బెంచీ మీద పెడితే ఎవడో ఒకడు దాని మీద మోచెయ్యి ఆనిస్తాడు. మనుషుల మీద అతనికి ఆ మాత్రం నమ్మకం కూడా లేదు. తెల్లటి థర్మోకోల్ డబ్బా, లోపల ఐసు, ఐసు నడుమ సూదిమందు. చల్లదనం పోతే మందు పోయినట్టేనని హైదరాబాద్ పెద్ద దవఖానలో ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారు. ఈ మందు అతని ఒంట్లోకి పోతే ఎముకల్లోని మూలుగ పొంగుతుందట, మూలుగలోని విత్తనాలు నెత్తురులోకి దిగుతాయట, ఆ నెత్తురును వడగట్టి విత్తనాలు తీసి భాగ్యకు ఎక్కిస్తారట. భాగ్య అతని కూతురు. బ్లడ్ క్యాన్సర్. తల్లిని తిన్నది చాలక బిడ్డ దాకా వచ్చింది. ఇవాళ పదకొండింటికి అక్కడ భాగ్యకు మందు మొదలుపెడతారు, ఆమె సొంత మూలుగను మొత్తం కాల్చేసే మందు. అది ఒకసారి ఎక్కడం మొదలైతే ఇక వెనక్కి రావడం లేదు. ఖాళీ అయిన ఎముకల్లో తండ్రి విత్తనాలు పడి మొలవాలి, లేకపోతే... అక్కడి డాక్టరమ్మ ఆ ‘లేకపోతే’ దగ్గర ఆగి నీళ్ళు తాగింది. గోడ గడియారంలో పది దాటింది. మెదక్ చర్చి సందులోని ఈ చిన్న దవఖానలో కరెంటు లేదు, పంఖా లేదు, డాక్టరు రాలేదు. గడియారం మాత్రం నడుస్తోంది.

"ఏం గాలన్నా, గా డబ్బాను కోడిపెట్ట పొదిగినట్టు పొదుగుతున్నవ్! ఐసు కరిగిపోతది, ఇటియ్యి, ఫ్రిజ్‌ల పెడత," అంది నర్సు ఎలిశిబా లోపలి గదిలోంచి తొంగిచూసి.

"నీ ఫ్రిజ్‌కు కరెంటున్నదా?"

"లేదు."

"మరి నోరెందుకు?"

"అబ్బబ్బ, నీ నోట్లెకెల్లి ఒక్క మంచి మాట రావాలంటే చర్చిల గంట గొట్టియ్యాలె," అని నవ్వింది ఆమె. "జర ఆగు. సారు వస్తుండు. బీపీ సూడకుంట సూది వెయ్యొద్దని చెప్పిండు."

ఆగుతున్నాడు. ఆగడం తప్ప అతను చేసిందేముంది, భార్య యాదవ్వ పోయినప్పుడూ ఇట్లాగే ఒక బెంచీ మీద ఆగాడు, అప్పుడు ఒళ్ళో డబ్బా లేదు, ఆమె చెప్పులున్నాయి. లోపలికి తీసుకుపోతూ విప్పి ఇచ్చిన చెప్పులు. ఈ సూదితో నొప్పి వస్తుందన్నా వేయించుకోవాల్సిందే, ఎముకలు పగిలినట్టు ఉంటుందన్నారు, పగలనీ. మోటారు విప్పాలంటే సుత్తితో కొట్టక తప్పదు. రాందాస్ చౌరస్తా అవతల అతనిది వైండింగు షాపు, కాలిన బోరు మోటార్లకు పాత తీగ లాగేసి కొత్త తీగ చుట్టడం అతని పని. నిజాంపేట బడిలో ఏడో తరగతితో చదువు ఆగింది, ఆ తర్వాత నేర్చుకున్నదంతా రాగితీగ దగ్గరే. అందుకే డాక్టరమ్మ బొమ్మ గీసి చెబుతుంటే అతనికి అర్థమైంది, పక్కన నిలబడ్డ డిగ్రీ చదివిన కొడుకు కన్నా ముందే అర్థమైంది, అర్థమైనందుకు కోపమూ వచ్చింది. నెత్తురు కణాలు రోజూ పుడతాయండీ, అంది ఆమె, పెరుగుతాయి, పని చేస్తాయి, చస్తాయి, ఎట్లా పుట్టాలో ఎట్లా పెరగాలో ప్రతి కణం లోపలా రాసి ఉంటుంది, ఆ రాతలో పడిన తప్పునే మ్యుటేషన్ అంటాం. ఒక్క తప్పుతో ఈ జబ్బు రాదు. ఒక తప్పు కణాన్ని పెద్దది కానివ్వదు. ఇంకో తప్పు పుట్టుకను ఆగనివ్వదు. పెద్దవి కాకపోయినా పుట్టడం ఆగితే అవి కొన్నే ఉంటాయి, పుట్టడం ఆగకపోయినా పెద్దవైతే వాటి వేళకు అవి చస్తాయి. రెండు తప్పులూ ఒకే కణంలో కలిశాయనుకోండి, ఇక ఎదగనివే పుడుతుంటాయి, పుడుతూనే ఉంటాయి, మూలుగంతా అవే నిండి మంచి నెత్తురుకు చోటుండదు. ఒకదానికొకటి తోడు, అంది. తోడు దొంగలు అనుకున్నాడు గాలయ్య. తీగ మీద వార్నిష్ గీరుకుపోయిన చోటు ఒకటుంటుంది. కంటికి కనబడదు. దాంతోనే మోటారు ఏళ్ళకేళ్ళు నీళ్ళు పోస్తుంది. ఒకనాడు కరెంటులో ఒక ఫేజు పోతుంది, మంచి తీగైతే అప్పటికి తట్టుకుంటుంది, ఈ తీగ తట్టుకోదు, గీరుకుపోయిన చోటే అంటుకుంటుంది. రైతు వచ్చి లైన్‌మన్‌ను తిడతాడు. వార్నిష్‌ను ఎవడూ తిట్టడు. ఎవడో ఒక్కడు దొరకాలి తిట్టడానికి, ఇద్దరిని తిట్టేంత ఓపిక మనిషికి ఉండదు.

భాగ్యకు ఆ మొదటి తప్పు పుట్టుకతోనే ఉంది. నెత్తురులోనే కాదు, చర్మం గీరి చూస్తే అక్కడా ఉంది, అంటే కన్నవాళ్ళ నుంచి వచ్చింది. వాళ్ళమ్మకు ఇదే జబ్బు కదా, అమ్మ వైపు నుంచే అయ్యుంటుంది, అన్నారు. అన్న పరమేశ్ నెత్తురు చెల్లెలికి అచ్చంగా కలిసింది, అందరూ సంబరపడ్డారు, భాగ్య ఫోన్‌లోనే ఏడ్చింది, ఆ వారంలోనే తేలింది పరమేశ్‌కూ అదే తప్పు ఉందని. అతనికి జబ్బు లేదు, రేపూ రాకపోవచ్చు, రెండోది కలిస్తే కదా. కానీ అతని విత్తనం చెల్లెలికి పనికిరాదు, చెడ్డ తీగ లాగేసి అదే చుట్టలోని తీగ మళ్ళీ చుట్టినట్టు. అప్పుడు మిగిలింది తండ్రి. సగమే కలుస్తుంది, అయినా చాలు, ఈ కాలంలో సగంతోనూ చేస్తున్నాం, అంది డాక్టరమ్మ. మందులతో జబ్బు ఇప్పటికి అణిగింది, ఎన్నాళ్ళు అణిగి ఉంటుందో చెప్పలేను, లేస్తే ఇంత మంచి అవకాశం మళ్ళీ దొరకదు, మీకూ ఆ పరీక్ష చేయించవచ్చు గాని ఫలితం రావడానికి రోజులు పడుతుంది. అంటూ అతని మొహంలోకి చూసింది. "మీరూ మీ భార్యా దగ్గరి చుట్టాలా? మేనరికమా?"

"కాదు," అన్నాడు గాలయ్య. "బయటి సంబంధమే."

"మీ అమ్మానాన్నల వైపు ఎవరికైనా రక్తం జబ్బు?"

"లేదు."

పరమేశ్ అప్పటికే కింద మందుల షాపు వరుసలోకి పోయాడు. ఉంటే అక్కడే నోరు తెరిచేవాడు. ఎందుకంటే యాదవ్వ గాలయ్యకు అక్క కూతురు. తోడబుట్టిన అక్క భూలక్ష్మి కడుపున పుట్టిన పిల్ల. తల్లి లేని తమ్ముడిని అక్క పెంచింది, పెరిగాక తన కూతురినే ఇచ్చి పెళ్ళి చేసింది. యాదవ్వ పెళ్ళికి ముందు మామా అని పిలిచింది, పెళ్ళయ్యాకా మామా అనే పిలిచింది, చివరి రోజు నోటినిండా నెత్తుటి దూదితో కూడా మామా అనే అనబోయింది. బయటి సంబంధం. ఆ మాట అతను ఆలోచించి అన్నది కాదు. ఇన్నేళ్ళుగా అంటున్నదే అన్నాడు. నాకు అక్క లేదు, సచ్చింది. అక్క ఊరు శివ్వంపేటలో ఎవరున్నారంటే అత్తగారు వాళ్ళది ఆ ఊరే అంటాడు, అంతే. యాదవ్వ దినాల నాడు పుట్టింటివాళ్ళు పెట్టే కొత్త బట్టలు పట్టుకుని భూలక్ష్మి వస్తే, ఆ బట్టలు వాకిట్లోకి విసిరేసి, చుట్టాలందరి ముందూ అన్నాడు: నా పెండ్లాన్ని నువ్వే సంపినవ్. అది అబద్ధం కాదు. ఇప్పటికీ కాదంటాడు. జ్వరం వచ్చిన పిల్లను పుట్టింట్లో నాలుగు రోజులు ఉండి వస్తుందని తోలుకుపోయి, దవఖానకు తీసుకుపోకుండా దర్గాల వెంట తిప్పి, తాయెత్తులు కట్టించి, చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతుంటే విభూతి రాయించి, మనిషి నిలబడలేని స్థితికి వచ్చాక కబురు పెట్టింది. ఆ పోయిన రోజులను ఎవరు తెచ్చిస్తారు? ఏటా రాఖీ పున్నమికి బస్సెక్కి వస్తుంది. షాపు ఎదురుగా చాయ్ హోటల్ అరుగు మీద కూర్చుంటుంది. అతను ఆ రోజు షట్టరు ఎత్తడు. సాయంత్రం దాకా కూర్చుని, రాఖీని షట్టరు తాళానికి కట్టి పోతుంది. తెల్లారి కత్తెరతో కోసి పడేస్తాడు. క్షమించడం అనేది చేతగానివాళ్ళు చేసే పని అని అతని లెక్క, కొట్టలేనివాడు పోనీలే అంటాడు, తాను కొట్టగలడు కాబట్టి పోనివ్వడు.

డబ్బా అడుగు తడిసింది, ప్యాంటు మీద చల్లగా పాకుతోంది. మూత కొంచెం ఎత్తి చూశాడు. ఐసు ఉంది. పక్కన ఒక ఆడమనిషి వచ్చి కూర్చుంది, జ్వరంతో కళ్ళు మండుతున్నాయి, వెంట మొగుడు, మొగుడి చేతిలో బిస్కెట్ పొట్లం. ఎలిశిబా వచ్చి ఏమైందమ్మా అంటే ఆమె కుచ్చిళ్ళు కొంచెం పైకి లాగి చూపించింది, గిట్ల ఎర్రగ లేసినయమ్మా, దురద లేదు, నొప్పి లేదు. పిక్కల మీద ఎర్రటి చుక్కలు, ఆవాలు చల్లినట్టు. డెంగీ కావొచ్చు, ప్లేట్‌లెట్లు పడిపోతే ఇట్లాగే వస్తాయి, నెత్తురు పరీక్షకు ఇద్దాం, పరేషాన్ గాకు, అంటోంది ఎలిశిబా. గాలయ్య చూడకూడదని తల తిప్పుకున్నాడు, పరాయి ఆడమనిషి కాళ్ళు. కానీ చూసేశాడు. చూసినవి ఆ కాళ్ళు కావు. యాదవ్వవి అనుకున్నాడు, యాదవ్వ కాళ్ళ మీదా ఇట్లాగే, కానీ యాదవ్వ కాళ్ళకు పట్టీలున్నాయి, ఈ కళ్ళ ముందుకొచ్చిన కాళ్ళకు పట్టీల్లేవు, కడియాలున్నాయి. లావు వెండి కడియాలు. నులక మంచం. మంచం పట్టె మీద చిన్న చెయ్యి, అది తనది. కడియం కింద నలుపు తిరిగిన మచ్చ, దాన్ని వేలితో ఒత్తితే పోతుందేమోనని ఒత్తుతున్నాడు, పోవడం లేదు. ముట్టకురా గాలిగా, అవ్వకు నొప్పి, అంటోంది అక్క, అక్క చేతిలో ఇత్తడి చెంబు, చెంబులో అవ్వ ఉమ్మిన ఎర్ర నీళ్ళు.

వద్దు. అది వేరు. తనను కన్న అవ్వకు వచ్చింది జబ్బు కాదు. అవ్వకు బాణామతి చేశారు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి, ఇంట్లో అన్నం కుండ ఎంత నిజమో అదీ అంత నిజం. చేను గట్టు దగ్గర తగాదా పడ్డ సాయిలు చేశాడు. పొద్దున లేస్తే ఒంటి మీద గిచ్చినట్టు నల్లటి మచ్చలు, ఎవరు గిచ్చారు, కంటికి కనబడని చెయ్యి గిచ్చింది, చిగుళ్ళలో నెత్తురు, ముక్కులో నెత్తురు, బాణామతి కాకపోతే మరేమిటి. అవ్వ పోయిన తెల్లారి సాయిలును పట్టుకొచ్చి కరెంటు స్తంభానికి కట్టి పండ్లు ఊడగొట్టారు. పండ్లు లేకపోతే నోరు తిరగదు, నోరు తిరగకపోతే మంత్రం పారదు. పట్కారు పట్టింది నాయిన. సాయిలు చాలా ఏళ్ళు బతికాడు. పండ్లు లేని నోటితో మంచిగున్నవా బిడ్డా అని పలకరించేవాడు, ఆ మాట గాలిలా వచ్చేది, గాలయ్య జవాబు చెప్పేవాడు కాదు. అవ్వను చంపినవాడికి జవాబేమిటి. పెద్ద దవఖానలో మీ వైపు ఎవరికైనా రక్తం జబ్బు ఉందా అని అడిగితే లేదన్నాడు, ఆ మాట అంటున్నప్పుడు అతని నోట్లో అబద్ధం రుచి లేదు. జబ్బు గురించి అడిగితే బాణామతి ఎవరికి గుర్తొస్తుంది? దొంగల లెక్క అడిగితే పిడుగు సంగతి చెబుతామా? అక్క గురించి ఆడింది అబద్ధం. అవ్వ గురించి చెప్పింది నిజమనుకున్నది. రెండూ వేరు వేరు. ఏదో ఒక్కటే అయి ఉంటే డాక్టరమ్మకు దారి దొరికేది. అక్క బిడ్డ అని తెలిస్తే అవ్వ సంగతి తవ్వేది, అవ్వ మచ్చల సంగతి తెలిస్తే ముందు అతని నెత్తురే పరీక్షకు పంపేది. రెండూ కలిసి దారి మూసేశాయి.

యాదవ్వకు జ్వరం వచ్చిన కొత్తలో అక్క అన్నది. ఇదే మెదక్‌లో, అతని ఇంటి వాకిట్లో, యాదవ్వ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని అన్నది. "అవ్వకైనట్టే అయితుందిరా. గవే మచ్చలు. నేను సూసిన గద, నాకెర్కె." అవే మచ్చలు అంటే అవే చేతులు అనుకుంది ఆమె, అందుకే దర్గాకు పరుగెత్తింది. అతను విసుక్కున్నాడు, నీ పిచ్చి నీది అన్నాడు, ఆ పిచ్చి వల్లే పెళ్ళాం పోయిందని ఇన్నేళ్ళూ పళ్ళు కొరికాడు. అక్క చెప్పిన దాంట్లో సగం పిచ్చి. మిగతా సగం? అవ్వ. అవ్వ నుంచి అక్క. అక్క నుంచి యాదవ్వ. అంతవరకు తీగ తిన్నగా వచ్చింది. మరి అవ్వ కడుపున పుట్టింది అక్క ఒక్కతేనా? అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. వార్నిష్ మరకలు, గోళ్ళ సందుల్లో మసి. యాదవ్వ వైపు, యాదవ్వ వైపు అని అందరూ అంటుంటే అతనూ తలూపాడు, చనిపోయిన ఆమె నెత్తురు ఎవరు తీసి చూశారు? భాగ్యకు అది తన నుంచే పోయి ఉంటే? పరమేశ్‌కు తన నుంచే? గీరుకుపోయిన తీగ తన ఒంట్లోనే ఇన్నేళ్ళు చప్పుడు లేకుండా నీళ్ళు పోస్తూ ఉంటే, రేపు ఆ చుట్టనే తీసి బిడ్డ ఎముకల్లో...

గడియారం. ఇరవై నిమిషాలుంది, పదకొండుకు. డాక్టరు బండి వాకిట్లో ఆగిన చప్పుడైంది. చెబితే మందు ఆపేస్తారు. ఆపితే ఎన్ని రోజులు? అణిగిన జబ్బు అప్పటిదాకా అణిగి ఉంటుందా? ఇంకో మనిషి ఎవరున్నారు ఇవ్వడానికి? నోరు మూసుకుంటే ఈ మందు లోపలికి పోతుంది, ఆ మందు అక్కడ ఎక్కుతుంది, తనలో తప్పు లేకపోతే, లేకపోవచ్చు కదా, అవ్వకు పుట్టినంత మాత్రాన అన్నీ రావు, మూతి అవ్వది కాదు అతనికి, నాయినది, కళ్ళు నాయినవి, నెత్తురు కూడా నాయినదే కావొచ్చు, పట్కారు పట్టిన నాయినది, అది ఇంకా మంచిదా? చెబితే ఆలస్యం చంపవచ్చు. చెప్పకపోతే విత్తనం చంపవచ్చు. ఇన్నేళ్ళు ఒక్కరిని నిలబెట్టి తిట్టాడు, ఎంత సుఖంగా ఉండేది. చెప్పాలంటే ఆమెను మళ్ళీ అక్కను చెయ్యాలి. సచ్చిందన్న మనిషిని లేపి కూర్చోబెట్టి, ఈమె కడుపున పుట్టిన పిల్లనే నేను చేసుకున్నాను, మా ఇద్దరిదీ ఒక్క కడుపే అని, ఒక చిన్న వయసు డాక్టరమ్మ ముందు, కొడుకు ముందు. ఎలిశిబా బీపీ చూసే పట్టీ పట్టుకుని వచ్చింది. "లే గాలన్నా, సారొచ్చిండు. డబ్బా ఇటియ్యి." డబ్బాను ఆమె లాగింది. అతను వదల్లేదు.

"ఇయ్యవేందన్నా?"

"ఆగు," అన్నాడు.

హైదరాబాద్ డాక్టరమ్మ నంబరుకు ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. కొడుక్కు చేశాడు.

"నాయినా, సూది అయిందా?" అన్నాడు పరమేశ్.

"గాడ మందు మొదలువెట్టిన్రా?"

"బాటిల్ దెచ్చి తగిలేసిన్రు. సిస్టరమ్మ చెల్లె పేరు సరిజూస్తుంది. ఎందుకే?"

"ఆపు."

"ఏంది?"

"ఆపుమంటున్న గద! గొట్టం పెట్టనియ్యకు. డాక్టరమ్మను విలువు. మీ అమ్మ నా అక్క బిడ్డ అని చెప్పాలె."

అవతల ఏదో యంత్రం కూతపెట్టింది, ఆగింది. "చెప్పలేదా నువ్వు?" అన్నాడు పరమేశ్. మెల్లగా అన్నాడు. "గా దినం అన్ని అడిగిన్రు, చెప్పిన అన్నవ్ గద నాయినా. గదే గద ఆమె అడిగింది. చెప్పలేదా?"

"నన్ను తర్వాత తిట్టు. ఫోన్ ఆమెకియ్యి."

పరుగు చప్పుడు. తలుపులు. గాలయ్య లేచి నిలబడి ఉన్నాడు, ఎప్పుడు లేచాడో తెలియదు, దవఖానలో అందరూ అతన్నే చూస్తున్నారు, జ్వరం మనిషి, ఆమె మొగుడు, బీపీ పట్టీతో ఎలిశిబా. చూడనీ.

"చెప్పండి గాలయ్యగారూ," అంది డాక్టరమ్మ ఆయాసపడుతూ.

"బయటి సంబంధమని చెప్పిన గద మేడం. శివ్వంపేటల నా పెండ్లాం తల్లి ఉన్నది, భూలక్ష్మి. అత్తనే. కని..." ఎండిపోయిన బోరులోంచి నీళ్ళు లాగినట్టు మాటను లాగాడు. "అక్క. నా తోడవుట్టిన అక్క. నా పెండ్లాం నాకు మేనకోడలు. మా అవ్వ గూడ గిట్లనే పోయింది. చిగుర్లల్ల నెత్తురు, కాళ్ళ మీద మచ్చలు. బాణామతన్నరు. మేం గట్లనే నమ్మినం."

ఆమె ఫోన్ పక్కకు తీసి ఎవరితోనో గట్టిగా ఏదో అంది. ఇనుప స్టాండు చక్రాలు నేల మీద గీరుకున్న శబ్దం వచ్చింది. భాగ్య గొంతు వినిపించింది, ఏమైంది మేడం, ఏమైంది అన్నా. ఆ గొంతు విని అతను బెంచీ అంచు పట్టుకున్నాడు.

"ఎక్కలేదు," అంది డాక్టరమ్మ. "ఇంకా ఎక్కలేదు. వినండి. ఆ ఇంజెక్షన్ మీరు వేసుకోవద్దు. ముందు మీ రక్తం కావాలి, ఇవాళే, అక్కడే తీయించి మనిషితో పంపండి. మీ అక్కగారు బతికే ఉన్నారా?"

"ఉన్నది."

"ఆమెదీ కావాలి. ఆమెకు లేకపోతే ఇది చాలావరకు మీ కుటుంబం నుంచి రాలేదన్నట్టే, మీ పరీక్షలోనూ లేకపోతే మీరు ఇవ్వొచ్చు. ఆమెకు ఉంటే మీకు ఉండే అవకాశం సగం. పిల్లలకు అది ఎవరి నుంచి వచ్చిందో కూడా అప్పుడు చెప్పలేం. మీ అమ్మగారి జబ్బు సంగతి కూడా ఆమెనే అడగండి, ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత."

"అప్పటి దాకా బిడ్డ ఆగుతదా?"

"తెలీదు. ఆగేలా ఇంకో విడత మందు ఇస్తాం. తెలీదండీ." ఆపైన, ఫోన్ పెట్టేసే ముందు, "వారం ముందు చెప్పి ఉంటే ఫలితం ఈపాటికి చేతిలో ఉండేది," అంది. తిట్టు కాదు. తిట్టి ఉంటే బాగుండేది.

పరమేశ్‌కు మళ్ళీ చేశాడు. "మీ అమ్మమ్మ నంబర్ ఉన్నదా నీ తాన?"

పరమేశ్ ఫోన్‌లో వెతకలేదు. పది అంకెలూ గడగడా నోటికి చెప్పేశాడు. చెప్పేసి ఊరుకున్నాడు. తండ్రి ఏమంటాడోనని ఎదురుచూస్తున్నాడని గాలయ్యకు అర్థమైంది, ఇన్నేళ్ళూ ఇంట్లో తనకు తెలియకుండా ఆ గొంతు తిరుగుతూనే ఉందని, భాగ్య జబ్బు సంగతి శివ్వంపేటకు ఎప్పుడో చేరిందని, తాను మూసిన షట్టరు ఒక్క తన షాపుకే పడిందని. "ఇంకోసారి చెప్పు," అన్నాడు. రెండోసారి చెబుతుంటే నొక్కాడు.

చాలాసేపు మోగింది.

"ఎవలు?" అంది ముసలి గొంతు. వెనక కోళ్ళు, ఎవరో బిందె తోముతున్న చప్పుడు. అతను నోరు తెరిచాడు. "ఎవలయ్యా? మాట్లాడరేంది?" ఆ తర్వాత అటువైపు బిందె చప్పుడు ఆగిపోయింది, ఊపిరి ఒక్కటే వినిపించింది. "గాలిగా?"

ఔననలేదు అతను. "అవ్వకు మచ్చలు ముందుగాల యాడ లేసినయ్?"

అక్క ఏడవలేదు. ఎందుకని అడగలేదు. "పిక్కల మీద," అంది, నిన్న చూసినట్టు. "బతుకమ్మ పండుగ ముంగట. గంతకుముందు మస్తు జరం, నాల్గు దినాలు తగ్గుడు, మల్ల వచ్చుడు. గా తర్వాత చిగుర్లు. గా తర్వాత ముక్కు. గివన్ని నేను చెప్పిన నీకు, యాదవ్వకు జరమొచ్చిననాడే చెప్పిన."

"చెప్పినవ్," అన్నాడు. "దర్గకు గూడ తోల్కపోయినవ్."

"తోల్కపోయిన," అంది అక్క.

అందులో ఒక్కటీ తీసేయడానికి లేదు. అతను తీసేయలేదు.

"నీ నెత్తురు గావాలెనట," అన్నాడు. "నాది గూడ తీస్తున్నరు. బిడ్డ కోసం. మెదక్‌ల, చర్చి సందుల దవఖాన ఉన్నది."

అటువైపు ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడైంది, కొయ్య పెట్టె మూత తీసిన చప్పుడు, తలుపు గొళ్ళెం. మళ్ళీ ఫోన్ చేతిలోకి తీసుకున్నట్టుంది, కానీ చెవి దగ్గర పెట్టుకోలేదు, గొంతు దూరంగా వినిపించింది, పక్కింటి ఎవరినో కేకేస్తోంది: "ఓ మమతా, జర కోళ్ళను సూస్తుండు బిడ్డా, నేను మెదక్ వోతున్న. నా తమ్ముడు రమ్మన్నడు!"

రమ్మనే మాట అతను అనలేదు. అనలేదని చెప్పడానికి ఆమె వినే చోట లేదు. ఎలిశిబా అతన్ని భుజం పట్టి కూర్చోబెట్టి, చంకలోని డబ్బా తీసి పక్కన పెట్టి, చేతికి రబ్బరు కట్టి, పిడికిలి బిగించన్నా అంది. ఒక చెయ్యి ఆమెకిచ్చి పిడికిలి బిగించాడు. ఇంకో చేత్తో ఫోన్ చెవికి అదుముకున్నాడు. అక్క దాన్ని ఆపడం మరిచిపోయింది. చెప్పుల చప్పుడు, కంకర రోడ్డు, ఎవరో ఎక్కడికవ్వా అంటే మెదక్ మెదక్ అంటున్న ఆయాసం. సూది గుచ్చుకుంది. గాలయ్య కదలకుండా ఆ నడకను వింటూ కూర్చున్నాడు.